బీప్ తర్వాత ఎవరు వింటారు? చిన్న ఆఫీసుకి వాయిస్ మెయిల్ ఎంచుకోవడం

పొద్దున పదింటికి తాళం తీసి చూస్తే ఫోన్ డిస్‌ప్లే మీద పదకొండు మిస్డ్ కాల్స్. అందులో నాలుగు ఒకే నంబరు నుంచి. ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలీదు. తిరిగి చేస్తే ఇద్దరు ఎత్తరు. ఒకాయన "ఎవరండీ మీరు?" అని మనల్నే అడుగుతాడు. ఇంకొకావిడ "ఆ పని అయిపోయిందిలెండి, వేరే చోట చేయించుకున్నాం" అంటుంది. ఆ మాట విన్న రోజే చాలామంది నాకు ఫోన్ చేసి "వాయిస్ మెయిల్ పెట్టించాలండీ, ఏ డబ్బా మంచిది?" అని అడుగుతారు.

విజయవాడలో చిన్న ఆఫీసులకి ఫోన్ లైన్లు, ఇంటర్‌కమ్‌లు బిగించడం నా పని. డబ్బా పేరు చెప్పే ముందు నేను అడిగే ప్రశ్న ఒకటే: బీప్ తర్వాత వాళ్లు చెప్పింది మీ ఆఫీసులో ఎవరు వింటారు? మెసేజ్ రికార్డు చేయడం ఏ సిస్టమ్‌కైనా వచ్చు. అది ఎవరి చెవిన, ఎంతసేపట్లో పడుతుందన్న దగ్గరే అసలు తేడా. ఈ ప్రశ్నకి జవాబు లేకుండా పెట్టించిన ఒక చోట, ఆర్నెల్ల తర్వాత సర్వీసుకి వెళ్తే మెయిల్‌బాక్స్ నిండిపోయి ఉంది. మొదటి వారం తర్వాత ఒక్క మెసేజ్ కూడా ఎవరూ వినలేదు.

ఉదాహరణకి ఒక ఆఫీసుని పెట్టుకుందాం. గవర్నర్‌పేటలో ఆరుగురు పనిచేసే ఆడిటర్ ఆఫీసు. ఒక ల్యాండ్‌లైన్, ఒక ఆఫీసు సెల్. రిటర్నుల సీజన్‌లో ఫోన్ ఆగదు, మిగతా రోజుల్లో మామూలే.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ఎన్ని కాల్స్ తప్పిపోతున్నాయి, ఏ వేళలో? వారం రోజులు ఒక నోటుపుస్తకంలో రాయండి. భోజనం టైములో తప్పిపోయేవి వేరు, రాత్రి ఎనిమిది తర్వాత వచ్చేవి వేరు, మాట్లాడుతుండగా బిజీ వచ్చి పోయేవి వేరు. మూడో రకమే ఎక్కువైతే మీకు కావాల్సింది వాయిస్ మెయిల్ కాదు, ఇంకో లైను.

చేసేవాళ్లు బీప్ తర్వాత మాట్లాడతారా? ఇది మన దగ్గర పెద్ద చిక్కు. వాట్సాప్‌లో ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ ఆపకుండా పంపే మనిషే, ఆఫీసు ఫోన్‌లో బీప్ వినగానే గొంతు సవరించుకుని పెట్టేస్తాడు. అవతల మెషీన్ ఉందనే మొహమాటం కొంత, "ఇది ఎవరు వింటార్లే" అన్న అనుమానం కొంత. ఇంగ్లిష్‌లో గడగడా చదివే గ్రీటింగ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

లైను ఏ రకం? పాత రాగి తీగ లైనా, ఫైబరా, సిమ్మా? రాగి లైనుకి కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచే వస్తుంది, దాదాపు 48 వోల్టులు. అందుకే వీధంతా చీకటైనా పాత ఫోన్ మోగేది. ఫైబర్‌లో అలా కుదరదు. మీ మోడెమ్‌కి కరెంటు పోతే దాని వెనక తగిలించిన ఫోనూ పోతుంది. చాలామంది ఇది మొదటి పవర్ కట్ రోజున తెలుసుకుంటారు.

డబ్బు ఒకేసారి పెడతారా, నెలనెలా కడతారా? ఐదేళ్లకి లెక్క వేయండి. నెలకి వెయ్యి రూపాయల సర్వీసు అనుకుందాం (కొటేషన్ కాదు, లెక్క కోసమే). 18 శాతం జీఎస్టీతో 1,180. అరవై నెలలకి 70,800. ఆ మొత్తాన్ని డబ్బా ధరతో పోల్చండి. డబ్బా వైపు యూపీఎస్, వైరింగ్, ఏడాదికి రెండుసార్లు వచ్చే టెక్నీషియన్ ఖర్చు కలపడం మర్చిపోకండి.

## ఒక్క చూపులో

ఈపీఏబీఎక్స్ అంటే ఒకటి రెండు లైన్లని ఆఫీసులోని ఎక్స్‌టెన్షన్ ఫోన్లకి పంచే గోడ డబ్బా. ఐపీ పీబీఎక్స్ అంటే అదే పని ఆఫీసు నెట్‌వర్క్ మీద చేసే కంప్యూటర్. క్లౌడ్ టెలిఫోనీలో ఆ పనంతా వేరే కంపెనీ సర్వర్‌లో జరుగుతుంది.

| దారి | మొదట ఖర్చు | నెలనెలా | కరెంటు పోతే | మెసేజ్ ఎక్కడ దొరుకుతుంది |
|---|---|---|---|---|
| ఫార్వర్డింగ్, వాట్సాప్ బిజినెస్ | దాదాపు లేదు | సెల్ ప్లాన్ | సెల్‌లో చార్జింగ్ ఉంటే చాలు | ఆఫీసు సెల్‌లో |
| ఈపీఏబీఎక్స్, వాయిస్ మెయిల్ కార్డు | ఎక్కువ | లైన్ అద్దె | యూపీఎస్ ఉండాలి | ఆఫీసు ఫోన్‌లోనే |
| సొంత ఐపీ పీబీఎక్స్ | మధ్యస్థం, చేసేవాడి చార్జీ అదనం | లైన్ అద్దె | యూపీఎస్ ఉండాలి | ఫోన్‌లో, ఈమెయిల్‌లో |
| క్లౌడ్ టెలిఫోనీ | తక్కువ | ప్రతి నెలా | వాళ్ల వైపు నడుస్తూనే ఉంటుంది | యాప్‌లో, ఈమెయిల్‌లో |

టేబుల్ మీద పెట్టే పాతకాలం ఆన్సరింగ్ మెషీన్‌ని ఇందులో చేర్చలేదు. ఇప్పుడు పాత సామాన్ల షాపుల్లో తప్ప పెద్దగా దొరకదు. దొరికినా ఒక మనిషి, ఒక లైను ఉన్న చోటికే పనికొస్తుంది.

## ఏమీ కొనకుండా: ఫార్వర్డింగ్, వాట్సాప్

ముగ్గురిలోపు ఉన్న ఆఫీసుకి నేను మొదట చెప్పేది ఇదే. చెబితే నాకు వ్యాపారం రాదు, అది వేరే సంగతి. ల్యాండ్‌లైన్ ఎత్తకపోతే ఆఫీసు సెల్‌కి మళ్లేలా పెట్టించుకోండి. సెల్‌లో వాట్సాప్ బిజినెస్ వేసి, పనివేళలు దాటాక మెసేజ్ చేసినవాళ్లకి దానంతటదే వెళ్లే జవాబు పెట్టండి. "వాయిస్ మెసేజ్ పంపండి, రేపు పదిన్నరలోపు ఫోన్ చేస్తాం" అని తెలుగులో రాస్తే జనం నిజంగానే పంపుతారు. అది వాళ్లకి అలవాటైన పని.

ఫార్వర్డింగ్ దగ్గర ఒక జాగ్రత్త. ఎవరో ఫోన్‌లో కోడ్ చెప్పి నొక్కించి, కాల్స్ తమ నంబరుకి మళ్లించుకునే మోసాలు పెరగడంతో, యూఎస్ఎస్‌డీ కోడ్‌లతో (స్టార్, హ్యాష్‌లతో డయల్ చేసేవి) చేసే ఫార్వర్డింగ్‌ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని టెలికం శాఖ కంపెనీలకి చెప్పింది. కాబట్టి పాత కోడ్ పనిచేయకపోతే కంగారు పడకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఉంటుంది, అక్కడ "ఎత్తనప్పుడు", "బిజీ ఉన్నప్పుడు", "అందుబాటులో లేనప్పుడు" అని విడివిడిగా పెట్టుకోవచ్చు.

లోపం ఏమిటంటే, ఆ సెల్ ఎవరి జేబులో ఉందో మెసేజ్ అక్కడే ఉంటుంది. అతను పెళ్లికి రాజమండ్రి వెళ్తే ఆఫీసు మెసేజులూ రాజమండ్రి వెళ్తాయి. వాట్సాప్ వాడని పెద్దవాళ్లు, ల్యాండ్‌లైన్ నుంచే చేసేవాళ్లు ఇందులో పడరు.

## ఈపీఏబీఎక్స్‌లో వాయిస్ మెయిల్ కార్డు

ఇప్పటికే గోడకి ఈపీఏబీఎక్స్ ఉండి, టేబుల్‌టేబుల్‌కీ ఎక్స్‌టెన్షన్ ఉంటే దానికి వాయిస్ మెయిల్ కార్డు దొరుకుతుందేమో ముందు కనుక్కోండి. నేర్చుకోవాల్సింది తక్కువ. ఫోన్ మీద మెసేజ్ ల్యాంప్ వెలుగుతుంది, కోడ్ నొక్కి వింటారు. రిసెప్షన్‌లో పదేళ్లుగా అదే ఫోన్ వాడుతున్న అమ్మాయికి కొత్త యాప్ నేర్పాల్సిన పని ఉండదు.

అడగాల్సినవి రెండు. ఒకేసారి ఎంతమంది మెసేజ్ చెప్పొచ్చు, అంటే ఎన్ని చానళ్లు? మొత్తం ఎన్ని నిమిషాలు పడతాయి? రెండు చానళ్ల కార్డులో మూడో మనిషికి మళ్లీ రింగే వినిపిస్తుంది.

కొత్తగా కొనేవాళ్లు మాత్రం స్పేర్ల గురించి ఆలోచించాలి. మన ఊళ్లలో సగం ఆఫీసుల గోడల మీద కనిపించే పానాసోనిక్, ఈ పీబీఎక్స్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2022లో ప్రకటించింది. ఉన్నవి నడుస్తాయి, సెకండ్‌హ్యాండ్ కార్డులూ దొరుకుతాయి, కానీ కొత్త ఆఫీసుకి దాన్ని నేను చెప్పను. వడోదరలోని మ్యాట్రిక్స్ లాంటి మనదేశపు కంపెనీల మెషీన్లు చూడండి. మీ ఊళ్లో సర్వీసు ఇచ్చేవాడు ఉన్నాడా లేడా అన్నది బ్రాండ్ కంటే ముఖ్యం.

## సొంత ఐపీ పీబీఎక్స్

కొద్దిగా కంప్యూటర్ తెలిసిన మనిషి ఆఫీసులో ఉంటే ఇది నాకు బాగా ఇష్టమైన దారి. 1999లో మార్క్ స్పెన్సర్ రాసిన ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని బ్రౌజర్‌లోంచి నడిపేందుకు ఫ్రీపీబీఎక్స్ ఉంది. పాత డెస్క్‌టాప్ చాలు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది గానీ, కరెంటు పోయి వచ్చే చోట దాని మెమరీ కార్డు పాడవుతుంది. యూపీఎస్, ఎస్ఎస్‌డీ లేకుండా పెట్టకండి. ఇదంతా తలనొప్పి అనుకుంటే గ్రాండ్‌స్ట్రీమ్ లాంటి కంపెనీలు రెడీమేడ్ డబ్బాలు అమ్ముతున్నాయి.

అసలు లాభం ఈమెయిల్. మెసేజ్ చెప్పిన నిమిషంలో ఆడియో ఫైల్ మెయిల్‌కి వస్తుంది. ఆడిటర్ గారు ఊళ్లో లేకపోయినా వింటారు. ఫైల్ సైజు గురించి టెన్షన్ అక్కర్లేదు. 8 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైల్‌కి సెకనుకి 16,000 బైట్లు, అంటే రెండు నిమిషాల మెసేజ్ రెండు ఎంబీ లోపే. కుదించి దాచే జీఎస్ఎం ఫార్మాట్ అయితే అందులో పదోవంతు. మెయిల్ పంపడానికి జీమెయిల్ వాడేవాళ్లు గుర్తుంచుకోండి: 2022 మే 30 నుంచి ఇలాంటి మెషీన్లలో మామూలు పాస్‌వర్డ్ చెల్లదు, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ఇలాంటి మెషీన్ల కోసం గూగుల్ విడిగా ఇచ్చే యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. "నిన్నటిదాకా మెయిల్ వచ్చేది, ఇప్పుడు రావట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పాస్‌వర్డ్ మార్చడమే. గూగుల్ పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్ కూడా రద్దవుతుంది.

ఇక ఈ దారిలో అందరూ తగిలే రాయి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బిగించిన మర్నాడు మెసేజులు వింటే ఒక్కొక్కటీ మూడు నిమిషాలు ఉంటుంది. మొదటి నాలుగు సెకన్లు ఎవరో "హలో... హలో" అంటారు, మిగతాదంతా "కూ... కూ... కూ..." అని బిజీ టోన్. ఎందుకంటే అవతలి మనిషి పెట్టేసిన సంగతి ల్యాండ్‌లైన్ మీద మెషీన్‌కి దానంతట అది తెలీదు. బిజీ టోన్‌ని గుర్తుపట్టి కట్ చేయాలి. ల్యాండ్‌లైన్‌ని ఐపీ పీబీఎక్స్‌కి కలిపే డబ్బాలు, అంటే గేట్‌వేలు, చాలావరకు అమెరికా టోన్‌కి సెట్ అయి వస్తాయి: 480, 620 హెర్ట్జ్ కలిపి, అర సెకను మోగి అర సెకను ఆగేది. మన ఇండియా బిజీ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. సెట్టింగ్స్‌లో 400, 750, 750 అని మార్చగానే చాలావరకు ఆ జబ్బు పోతుంది. ఫైబర్ మోడెమ్ వెనక ఫోన్ అయితే టోన్ పుట్టించేది మోడెమే కాబట్టి, అది ఏ టోన్ ఇస్తుందో ఒకసారి రికార్డు చేసి చూసుకోవాలి. దీంతోపాటు మూడు సెకన్ల లోపు మెసేజులు దాచొద్దని, పది సెకన్లు నిశ్శబ్దం ఉంటే ఆపేయమని పెట్టండి. ఉత్త "హలో"లు వినే బాధ తప్పుతుంది.

సిమ్ మాత్రమే ఉన్న ఆఫీసు అయితే సిమ్‌ని ల్యాండ్‌లైన్ పోర్టుగా మార్చే డబ్బా ఒకటి మధ్యలో కావాలి. చవగ్గా దొరికే పాత 2జీ డబ్బాలో జియో సిమ్ పనిచేయదు, జియోకి 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు లేవు. 4జీ మీదే మాటలు నడిపే వోల్టీ ఉన్నది అడిగి తీసుకోండి.

సెక్యూరిటీ మీ బాధ్యతే. ఐపీ ఫోన్ కాల్స్ వచ్చిపోయే తలుపు లాంటి 5060 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెడితే, లోపలికి దూరి మీ లైను మీద విదేశాలకి కాల్స్ చేసుకునేవాళ్లు కాచుకుని ఉంటారు. ఐఎస్‌డీ అవసరం లేకపోతే కంపెనీకి చెప్పి మూయించండి. మెయిల్‌బాక్స్ పిన్ 1234, 0000, ఎక్స్‌టెన్షన్ నంబరు, వీటిలో ఏదీ వద్దు. ఇంగ్లండ్‌లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక మనుషులు ఇలా ఇతరుల వాయిస్ మెయిళ్లు దొంగచాటుగా విన్న గొడవలోనే 2011లో ఆ పత్రిక మూతపడింది. మీ ఆఫీసు మెసేజుల్లో క్లయింట్ల పాన్ నంబర్లు, అప్పుల సంగతులు ఉంటాయి.

## క్లౌడ్ టెలిఫోనీ

హైదరాబాద్ ఓజోన్‌టెల్, బెంగళూరు ఎక్సోటెల్ లాంటి కంపెనీలు ఇచ్చే సర్వీసు. మీ ఆఫీసులో డబ్బా ఏమీ ఉండదు. వాళ్లిచ్చే నంబరుకి కాల్ వెళ్తుంది, "జీఎస్టీ కోసం ఒకటి, ఇన్‌కమ్ టాక్స్ కోసం రెండు" అని చెబుతుంది, ఎవరూ ఎత్తకపోతే మెసేజ్ తీసుకుంటుంది. కరెంటు, నెట్ పోయినా వాళ్ల సర్వర్ నడుస్తూనే ఉంటుంది. మీటింగుల్లో, సైట్ల మీద తిరిగేవాళ్లు ఎక్కువ ఉన్న ఆఫీసుకి ఇదే సుఖం.

సంతకం పెట్టే ముందు అడగండి: మేం మానేస్తే ఈ నంబరు మాకు ఉంటుందా? నా సలహా ఏమిటంటే, బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద మీ సొంత నంబరే ఉంచి దాన్ని క్లౌడ్ నంబరుకి ఫార్వర్డ్ చేయండి. రేపు కంపెనీ మార్చాలంటే ఫార్వర్డింగ్ మారిస్తే సరిపోతుంది, బోర్డు మార్చక్కర్లేదు. టోల్‌ఫ్రీ 1800 నంబరు కూడా అంటగడతారు. దానికి చేసే ప్రతి కాల్ ఖర్చూ మీదే. అన్‌లిమిటెడ్ ప్లాన్ల కాలంలో ఆరుగురి ఆఫీసుకి అది ఆర్భాటమే.

మెసేజ్‌ని అక్షరాల్లోకి మార్చి ఇస్తామని విడిగా డబ్బు అడిగితే, ముందు మీ క్లయింట్ల మెసేజులు ఓ పది ఇచ్చి చూడమనండి. "సార్, మావాడి ఫామ్ సిక్స్టీన్ ఇంకా రాలే, ఓటీపీ కూడా పాత నంబరుకే పోతాంది" లాంటి మాటని అది ఏం రాస్తుందో చూశాక మీరే నిర్ణయించుకోవచ్చు.

## మీ ఆఫీసు ఎలాంటిదైతే

మన గవర్నర్‌పేట ఆడిటర్ ఆఫీసుకి నేనైతే రెడీమేడ్ ఐపీ పీబీఎక్స్ పెడతాను. సీజన్‌లో మెసేజులు ఎక్కువ, సమాచారం గోప్యం, మనుషులు అందరూ ఒకేచోట ఉంటారు, ఈమెయిల్ ఎలాగూ రోజంతా తెరిచే ఉంటుంది.

అదే రియల్ ఎస్టేట్ ఆఫీసో, ఇంటీరియర్ పనులు చేసేవాళ్లో అయితే క్లౌడే. వాళ్లు ఆఫీసులో కూర్చోరు.

క్లినిక్‌ది వేరే కథ. రాత్రి పూట నొప్పితో చేసే మనిషికి బీప్ వినిపించడం తప్పు. రాత్రి కాల్స్ డ్యూటీలో ఉన్నవాళ్ల సెల్‌కి వెళ్లాలి, గ్రీటింగ్‌లో మొదటి మాటే "అత్యవసరమైతే 108కి చేయండి" అని ఉండాలి. అపాయింట్‌మెంట్ మార్చుకోవడం లాంటివాటికే మెయిల్‌బాక్స్.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్లతో పనిచేసే కన్సల్టెన్సీలకి మాత్రం ఈ మొహమాటం గొడవే లేదు. అక్కడివాళ్లకి వాయిస్ మెయిల్ పెట్టడం చిన్నప్పటి నుంచి అలవాటు. న్యూయార్క్‌కీ మనకీ కాలాన్ని బట్టి తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటల తేడా కాబట్టి, వాళ్ల మధ్యాహ్నం వచ్చిన మెసేజ్ మన రాత్రి ఎవరు వింటారో షిఫ్టు ప్రకారం రాసి పెట్టుకుంటే చాలు.

## గ్రీటింగ్, మొదటి వారం

ఏ దారి ఎంచుకున్నా గ్రీటింగ్ మీ గొంతుతోనే, తెలుగులో చెప్పండి. పదిహేను సెకన్లు దాటొద్దు. మా దగ్గర బాగా పనిచేసింది ఇది:

"నమస్కారమండీ, ఆఫీసు ఇప్పుడు మూసి ఉంది. మీ పేరు, ఫోన్ నంబరు, పని ఏమిటో బీప్ తర్వాత చెప్పండి. రేపు పదకొండులోపు మేమే ఫోన్ చేస్తాం."

"మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని పెట్టకండి, వినేవాళ్లకి నవ్వొస్తుంది. "మేమే ఫోన్ చేస్తాం" అన్న మాట పెట్టాక మెసేజులు పెరగడం నేను రెండు మూడు ఆఫీసుల్లో చూశాను. సెల్‌లో రికార్డు చేసిన ఫైల్‌ని పీబీఎక్స్‌లో ఎక్కించేటప్పుడు 8 కిలోహెర్ట్జ్ మోనో వేవ్‌గా మార్చాలి, లేకపోతే చాలా మెషీన్లు తీసుకోవు. ఫ్యాన్ ఆపి రికార్డు చేయండి.

ఎన్ని రింగుల తర్వాత ఎత్తాలి? మన రింగు ఒక్కో చుట్టూ మూడు సెకన్లు. ఐదు రింగులంటే పదిహేను సెకన్లు, పగటిపూట అది సరిపోతుంది. ఆఫీసు మూశాక ఒక్క రింగుకే ఎత్తేలా పెట్టండి.

వినే మనిషి పేరు ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటించండి. ఆ మనిషి సెలవు పెడితే రెండో పేరు. విన్న మెసేజ్‌కి పక్కన నోటుపుస్తకంలో టిక్, ఫోన్ చేసిన టైము. నెల దాటినవి తుడిచేయండి.

చివరగా, బిగించినవాడికి డబ్బు ఇచ్చే ముందు మీ సెల్ నుంచి ఆఫీసుకి మూడుసార్లు చేయండి. ఒకసారి మెసేజ్ చెప్పి పెట్టేయండి, ఒకసారి ఏమీ మాట్లాడకుండా పెట్టేయండి, ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి చేయండి. తర్వాత లోపలికి వెళ్లి ఆ మెసేజులు అతని ముందే వినండి. "కూ... కూ..." వినిపిస్తే అతన్ని ఇంకో గంట కూర్చోబెట్టండి.